రంగారెడ్డి తలసరి ఆదాయం: శివారు జిల్లా సగటులో ఏముంది, ఏం లేదు

తెలంగాణ ప్రభుత్వం ఏటా బడ్జెట్ సమావేశాల సమయంలో 'సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్' పేరిట ఒక నివేదికను ప్రచురిస్తుంది. అందులో జిల్లాల తలసరి ఆదాయాల పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో కొన్నేళ్లుగా మొదటి పేరు రంగారెడ్డిదే. 2024లో వెలువడిన నివేదిక ప్రకారం, 2022-23 సంవత్సరానికి ప్రస్తుత ధరల్లో ఈ జిల్లా తలసరి ఆదాయం సుమారు 9 లక్షల 46 వేల రూపాయలు. రెండో స్థానంలో ఉన్న హైదరాబాద్ జిల్లాది సుమారు 4 లక్షల 94 వేలు. చివరి స్థానంలో ఉన్న వికారాబాద్‌ది సుమారు 1 లక్షా 80 వేలు. రాజధాని నగరం కంటే దాని శివారు దాదాపు రెండింతలు సంపన్నమన్నమాట. ఆ శివారును ఆనుకొని ఉన్న జిల్లాయేమో అందులో అయిదో వంతు కూడా లేదు.

ఈ అంకెలు వెలువడిన ప్రతిసారీ 'రాష్ట్రంలో అత్యంత సంపన్న జిల్లా' అనే శీర్షిక పత్రికల్లో, బులెటిన్లలో కనిపిస్తుంది. అంకె తప్పు కాదు, శీర్షికా పూర్తిగా తప్పు కాదు. కానీ 9 లక్షల 46 వేలను పన్నెండు నెలలకు పంచితే మనిషికి నెలకు దాదాపు 79 వేలు వస్తుంది. చంటిపిల్లలు, వృద్ధులు సహా ప్రతి ఒక్కరికీ అంత వస్తే, నలుగురున్న ఇంటి రాబడి నెలకు 3 లక్షల 15 వేలు దాటాలి. సరూర్‌నగర్‌లోనో, రాజేంద్రనగర్‌లోనో, యాచారంలోనో నివసించే పాఠకులు ఈ మాట విని తమ ఇంటి లెక్కను ఒకసారి తలచుకుంటే చాలు, ఆ సగటుకూ తమ జీవితానికీ మధ్య ఎంత దూరం ఉందో తెలుస్తుంది. ఆ దూరం ఎక్కడి నుంచి వచ్చిందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జిల్లా పుట్టుక, విభజన

రంగారెడ్డి మొదటి నుంచీ శివారు జిల్లాయే. హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న గ్రామీణ ప్రాంతాన్ని వేరు చేసి 1978 ఆగస్టు 15న దీనిని ఏర్పాటు చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రిగా పనిచేసిన కొండా వెంకట రంగారెడ్డి పేరు దీనికి పెట్టారు. అప్పట్లో ఇది జొన్న, కంది, కూరగాయలు, ద్రాక్ష పండించే ప్రాంతం. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాత 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి దశలవారీగా పూర్తయింది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఆర్థిక జిల్లాగా పిలిచే ప్రాంతమంతా పరిపాలనపరంగా హైదరాబాద్ జిల్లాలో లేదు, రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి, గండిపేట మండలాల్లో ఉంది. బయటివారు హైదరాబాద్ ఐటీ పరిశ్రమ అని పిలిచేదానిలో అధిక భాగం లెక్కల్లో రంగారెడ్డికే చెందుతుంది.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. పాత రంగారెడ్డి నుంచి పడమటి మండలాలు వికారాబాద్ జిల్లాగా, ఉత్తర, తూర్పు శివార్లు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాగా విడిపోయాయి. ఐటీ కేంద్రాలు, విమానాశ్రయం కొత్త రంగారెడ్డిలో మిగిలాయి. అంతకుముందు ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతంలో ఒక భాగం రాష్ట్రంలో మొదటి స్థానానికి, మరొక భాగం చివరి స్థానానికి చేరడం వెనుక ఉన్న కథ ఇంతే. తాండూరు రైతు ఆదాయం 2016 అక్టోబరులో తగ్గలేదు, గచ్చిబౌలి ఉద్యోగి జీతం పెరగలేదు. గీత మారింది.

దీనికి ఎదురుబొదురుగా ఇంకొకటి జరిగింది. అంతవరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల, కేశంపేట, షాద్‌నగర్ ప్రాంతాలు అదే రోజున రంగారెడ్డిలో కలిశాయి. దశాబ్దాలుగా వలసలకు, కరవుకు పేరుపడిన పాలమూరు పల్లెలు కొన్ని తెల్లవారేసరికి అత్యంత సంపన్న జిల్లాలోకి వచ్చి చేరాయి.

ఆదాయం ఎక్కడ పుట్టిందో ఆ ఊరి లెక్క

తలసరి అనే తెలుగు మాటలోనే ఒక తికమక ఉంది. తలకు ఇంత అని సరిసమానంగా పంచినట్టు వినిపిస్తుంది. నిజానికి అక్కడ పంపకం ఏమీ లేదు, కేవలం భాగహారం ఉంది. జిల్లాలో ఒక సంవత్సరంలో ఉత్పత్తి అయిన వస్తువులు, సేవల అదనపు విలువను ముందు లెక్కగడతారు. అందులోంచి యంత్రాలు, భవనాల తరుగుదలను తీసివేస్తే నికర జిల్లా ఉత్పత్తి వస్తుంది. దానిని ఆ సంవత్సరం మధ్యనాటికి ఉంటుందని అంచనా వేసిన జనాభాతో భాగిస్తే వచ్చేదే తలసరి ఆదాయం. దేశంలో ఈ లెక్కకు చాలా పాత చరిత్ర ఉంది. 1867-68 సంవత్సరానికి భారతీయుడి సగటు ఆదాయం సుమారు 20 రూపాయలని దాదాభాయి నౌరోజీ లెక్కగట్టి, జైళ్లలో ఖైదీల పోషణకయ్యే ఖర్చుతో దానిని పోల్చి చూపారు. సగటును ఏదో ఒక నిజమైన ఖర్చు పక్కన నిలబెట్టి చూడాలన్న ఆయన పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది. ఆ పోలిక కొంత ముందుకు వెళ్లాక చూద్దాం.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. మన దేశంలో రాష్ట్ర, జిల్లా ఉత్పత్తి లెక్కలు ఆదాయం పుట్టిన చోటును ఆధారం చేసుకుంటాయి, అది చేరిన చోటును కాదు. ఒక ఉద్యోగి కూకట్‌పల్లిలో నివసిస్తూ రోజూ గచ్చిబౌలిలోని కార్యాలయానికి వెళ్తాడనుకుందాం. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. అతడి జీతం రంగారెడ్డి ఉత్పత్తిలో చేరుతుంది, అతడు మాత్రం మేడ్చల్ జనాభాలో ఉంటాడు. అంటే భాగహారంలో పైనున్న లవం ఒక జిల్లాది, కిందనున్న హారం మరొక జిల్లాది. నిజాంపేట, బాచుపల్లి నుంచి, సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్, తెల్లాపూర్ నుంచి, హైదరాబాద్ జిల్లాలోని మెహదీపట్నం నుంచి ప్రతి ఉదయం వెళ్లే వేలాది మందికి ఇదే వర్తిస్తుంది. సరూర్‌నగర్ నుంచి ఆబిడ్స్‌కు వెళ్లే గుమాస్తా లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది కానీ, ఆ రెండు ప్రవాహాల విలువలో పోలికే లేదు. అందుకే రంగారెడ్డి పక్కనే ఉండి, అదే ఐటీ పరిశ్రమకు ఉద్యోగులను అందించే మేడ్చల్-మల్కాజిగిరి ఈ పట్టికలో ఎంతో కింద కనిపిస్తుంది.

జీతాలే కాదు, లాభాలూ ఈ లెక్కలో ఉంటాయి. నానక్‌రామ్‌గూడలోని ఒక బహుళజాతి సంస్థ కార్యాలయం సృష్టించిన మిగులు ముంబయి, న్యూయార్క్ వాటాదారులకు చేరినా సరే, అది పుట్టిన చోటు రంగారెడ్డి కాబట్టి ఇక్కడే నమోదవుతుంది. జిల్లావాసుల చేతికి అందే సొమ్ముకూ దానికీ సంబంధం లేదు. ఇక రైల్వేలు, బ్యాంకులు, కమ్యూనికేషన్ల వంటి రంగాల విలువను జిల్లాస్థాయిలో నేరుగా కొలవడం కష్టం. వాటి రాష్ట్ర మొత్తాన్ని కొన్ని సూచికల ఆధారంగా జిల్లాలకు పంచుతారు. అక్కడ కొంత అంచనా తప్పనిసరి.

ఇదేమీ హైదరాబాద్ శివార్లకే పరిమితమైన విశేషం కాదు. హర్యానాలో ఢిల్లీ అంచున ఉన్న గురుగ్రామ్, ఉత్తరప్రదేశ్‌లో నోయిడా ఉన్న గౌతమ బుద్ధ నగర్ తమ తమ రాష్ట్రాల్లో తలసరి ఆదాయంలో ముందున్నాయి. మహానగరం పక్కన స్థలం దొరికి, కార్యాలయాలు వచ్చి, ఉద్యోగులు నాలుగు దిక్కుల నుంచి రాకపోకలు సాగించే ప్రతిచోటా ఇదే జరుగుతుంది.

భూముల ధరలకు ఇందులో పాత్ర ఉందా

రంగారెడ్డి సంపదకు భూములే కారణమని చాలామంది నమ్మకం. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినప్పుడు ఈ నమ్మకం మరింత బలపడింది. అయితే జాతీయ ఆదాయ లెక్కల్లో భూమి అమ్మకం ఉత్పత్తి కాదు. ఒకరి ఆస్తి మరొకరికి మారిందంతే. ఆ లావాదేవీలో మధ్యవర్తి తీసుకున్న కమిషన్, న్యాయవాది రుసుము వంటివే లెక్కలోకి వస్తాయి. ఆ స్థలంలో భవనం కడితే నిర్మాణ విలువ నిర్మాణ రంగంలో చేరుతుంది. ఎకరం అమ్ముకున్న రైతు కుటుంబం రాత్రికి రాత్రే కోటీశ్వరులైనా, ఆ సొమ్ము వల్ల జిల్లా తలసరి ఆదాయం పెరగదు.

గందరగోళానికి మరొక కారణం రంగం పేరు. ప్రభుత్వ పట్టికల్లో 'స్థిరాస్తి, నివాస గృహాల యాజమాన్యం, వృత్తి సేవలు' అనే ఒక పెద్ద పద్దు ఉంటుంది. తెలంగాణ స్థూల ఉత్పత్తిలో అత్యధిక వాటా దీనిదే. పేరులో స్థిరాస్తి ముందుండటంతో ఇదంతా ప్లాట్ల వ్యాపారమని అనుకుంటారు. నిజానికి కంప్యూటర్ సంబంధిత సేవలు, అంటే సాఫ్ట్‌వేర్ పరిశ్రమ, ఈ పద్దులోనే ఉంటాయి. సొంత ఇంట్లో నివసించేవారు తమకు తామే అద్దె చెల్లించుకుంటున్నట్టు ఊహించి కట్టే విలువ కూడా ఇందులోనే చేరుతుంది. అద్దె రూపాయి చేతికి రాని విశ్రాంత ఉద్యోగి ఇల్లు సైతం ఆ విధంగా జిల్లా ఆదాయంలో భాగం అవుతుంది. వినడానికి వింతగా ఉన్నా, ఇది ప్రపంచమంతటా అనుసరించే పద్ధతే.

ఎవరిని లెక్కిస్తున్నాం

భాగహారంలో కింది అంకె కూడా అంత నిలకడైనది కాదు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. అందువల్ల ఇన్నేళ్లుగా జనాభా అంచనాలకు ఆధారం 2011 జనగణనే. ఇప్పటి సరిహద్దుల ప్రకారం రంగారెడ్డిలో 2011లో ఉన్నవారు సుమారు 24 లక్షల 46 వేల మంది. శివారు జనాభా ఎంత వేగంగా పెరుగుతుందో ఒక్క పాత అంకె చెబుతుంది: 2001, 2011 మధ్య ఉమ్మడి రంగారెడ్డి జిల్లా జనాభా 48 శాతం పెరిగింది. ఆ తరువాతి కాలంలో వచ్చిన గేటెడ్ కాలనీలు, హాస్టళ్లు, నిర్మాణ కార్మికుల గుడారాల్లో నివసిస్తున్న వారందరినీ 2011 పునాదిపై వేసిన అంచనా సరిగ్గా పట్టుకోలేకపోయి ఉంటే, తలసరి ఆదాయం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఒడిశా, బిహార్, ఝార్ఖండ్ నుంచి వచ్చి ఈ భవనాలను కడుతున్న కార్మికుల శ్రమ లవంలో ఉంటుంది. వారు హారంలో ఎంతవరకు ఉన్నారో జనగణన పూర్తయితేనే తేలుతుంది.

ఇంకొక పరిమితి కూడా ఉంది. ఈ ఆదాయ అంచనాలు జిల్లాతో ఆగిపోతాయి, మండలాలకు రావు. కాబట్టి శేరిలింగంపల్లిలో ఎంత, మంచాలలో ఎంత, తలకొండపల్లిలో ఎంత అనే ప్రశ్నకు ఈ పట్టికలో సమాధానం దొరకదు.

ఇంటి ఖర్చు పక్కన నిలబెడితే

ఇప్పుడు నౌరోజీ పద్ధతికి వద్దాం. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2023-24లో నిర్వహించిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, తెలంగాణ పట్టణ ప్రాంతాల్లో ఒక మనిషికి నెలకు సగటు ఖర్చు 8,978 రూపాయలు. గ్రామీణ ప్రాంతాల్లో 5,435 రూపాయలు. దేశవ్యాప్తంగా ఈ అంకెలు పట్టణాల్లో 6,996, గ్రామాల్లో 4,122. అంటే తెలంగాణ జాతీయ సగటు కంటే స్పష్టంగా పైన ఉంది. అయినా నలుగురున్న పట్టణ కుటుంబం నెల ఖర్చు ఈ లెక్కన 36 వేల లోపే. రంగారెడ్డి సగటు ఆదాయం అదే కుటుంబానికి చూపించే 3 లక్షల 15 వేలకు ఇది తొమ్మిదో వంతు మాత్రమే.

ఈ పోలికకు హద్దులున్నాయి. ఒకటి ఆదాయం, మరొకటి ఖర్చు. ఒకటి జిల్లాది, మరొకటి రాష్ట్రంలోని అన్ని పట్టణాలది. సంవత్సరాలు కూడా ఒకటి కావు. సంపన్న కుటుంబాలు సర్వే సిబ్బందికి తలుపు తీయడం అరుదన్నది గణాంక నిపుణుల పాత ఫిర్యాదు. అన్ని సవరణలూ చేసుకున్నా, తొమ్మిదింతల తేడాను పొదుపుతో వివరించలేం. దానిలో పెద్ద భాగం జిల్లావాసుల ఇళ్లకు చేరని సొమ్మే.

మరొక కొలమానం శ్రామిక బల సర్వే. 2023-24లో దేశవ్యాప్తంగా నెలజీతం తీసుకునే ఉద్యోగి సగటు సంపాదన నెలకు 20 వేల నుంచి 21 వేల రూపాయల మధ్య ఉంది. స్వయం ఉపాధిలో ఉన్నవారిది అంతకంటే చాలా తక్కువ. ఆర్థిక జిల్లాలోని ఒకే భవనంలో పై అంతస్తులోని ఇంజినీరు జీతం, ద్వారం దగ్గర కూర్చున్న కాపలాదారు జీతం, మధ్యాహ్నం భోజనం చేరవేసే యువకుడి సంపాదన, శౌచాలయాలు శుభ్రం చేసే మహిళ కూలి అన్నీ కలిసే 9 లక్షల 46 వేలు. వరుసలో సరిగ్గా మధ్యన నిలబడే మనిషి సంపాదన ఎంతో చెప్పే మధ్యగత ఆదాయం జిల్లాలవారీగా ప్రకటిస్తే ఈ తేడా కొంత స్పష్టమయ్యేది. అటువంటి అధికారిక అంకె మన దగ్గర లేదు.

కార్డులకూ కోటాలకూ సగటుతో పని లేదు

సంపన్న జిల్లా అన్న ముద్ర వల్ల తమకు పథకాలు అందవేమోనన్న అనుమానం శివారు పల్లెల్లో వినిపిస్తుంటుంది. ఆ అనుమానానికి ఆధారం లేదు. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు కుటుంబ వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో 1 లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు. భూమి ఉన్నవారికి తరి, ఖుష్కి విస్తీర్ణాల పరిమితులు వేరుగా ఉన్నాయి. ఈ అర్హతను కుటుంబం వారీగా చూస్తారు, జిల్లా సగటుతో నిమిత్తం లేదు. 103వ రాజ్యాంగ సవరణతో 2019లో వచ్చిన ఆర్థికంగా బలహీన వర్గాల కోటాకు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. గమనిస్తే, ఒక కుటుంబం మొత్తాన్ని బలహీన వర్గంగా గుర్తించే ఈ గీత కంటే రంగారెడ్డిలో ఒక్క మనిషి సగటు ఆదాయమే పైన ఉంది. అయినా ఆ కోటా కింద ధ్రువపత్రాలకు దరఖాస్తు చేసుకునేవారు ఈ జిల్లా తహసీల్దారు కార్యాలయాల్లోనూ ఉంటారు.

శివారు కుటుంబాన్ని నేరుగా తాకేది సగటు కాదు, ఊరు పట్టణంగా మారడం. 2024 సెప్టెంబరులో బాహ్య వలయ రహదారి పరిసరాల్లోని 51 గ్రామ పంచాయతీలను సమీప పురపాలక సంఘాల్లో విలీనం చేశారు. పంచాయతీ పురపాలికలో కలిసిన తరువాత గ్రామీణ ఉపాధి హామీ పనులు అక్కడ వర్తించవు. కార్డు పరిమితి 50 వేలు పెరుగుతుంది, పురపాలక చట్టం ప్రకారం ఆస్తిపన్ను వస్తుంది. సాగు ఆగిపోయి, కార్యాలయాల్లో ఉద్యోగానికి చదువు సరిపోని నడివయసు కూలీకి ఆ పని ఎంత ఆసరానో వేరే చెప్పనక్కరలేదు. సంపన్న శివారు మధ్యలో చేతిలో పని లేకుండా ఉండిపోయే వర్గం ఇదే. ఏ పట్టికలోనూ వీరికి ప్రత్యేకంగా ఒక గడి లేదు.

సగటు అంకె నిజంగా నిర్ణయాత్మకమయ్యేది రాష్ట్రస్థాయిలో. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలని, జాతీయ సగటు 2,05,579 రూపాయలని రాష్ట్ర నివేదిక పేర్కొంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను నిర్ణయించేటప్పుడు 15వ ఆర్థిక సంఘం 45 శాతం ప్రాధాన్యాన్ని ఆదాయ వ్యత్యాసానికి ఇచ్చింది. సగటు ఎక్కువగా ఉన్న రాష్ట్రానికి వాటా తగ్గుతుంది. 14వ ఆర్థిక సంఘం కాలంలో 2.437 శాతంగా ఉన్న తెలంగాణ వాటా 2021-26 కాలానికి 2.102 శాతానికి తగ్గడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల్లో పుట్టిన విలువ రాష్ట్ర సగటును పైకి లాగుతుంది. ఆ సగటు ఆధారంగా తగ్గిన వాటా మాత్రం వికారాబాద్‌కూ, ఆదిలాబాద్‌కూ వర్తిస్తుంది. ప్రాంతీయ అసమానతలపై రాష్ట్రం లోపల జరిగే చర్చలో ఈ కోణానికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

ఆదాయాన్ని నేరుగా అడిగితే

మరి ప్రతి ఇంటినీ నేరుగా అడిగి తెలుసుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. దేశంలో ఆ ప్రయత్నాలు 1950ల నుంచే జరిగాయి. 1983-84లో జాతీయ నమూనా సర్వే ప్రయోగాత్మకంగా అడిగి చూసినప్పుడు, జనం చెప్పిన ఆదాయం వారి ఖర్చు, పొదుపుల మొత్తం కంటే తక్కువగా తేలింది. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సామాజిక, ఆర్థిక, కుల సర్వేలో కుటుంబ వార్షికాదాయంపై ప్రశ్న ఉంది. కోటీ 12 లక్షల కుటుంబాల వివరాలు అందులో నమోదయ్యాయి.

జాతీయ స్థాయిలో తొలి గృహ ఆదాయ సర్వేను 2026లో చేపట్టాలని కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ నిర్ణయించింది. ఆర్థికవేత్త సుర్జీత్ భల్లా అధ్యక్షతన ఒక నిపుణుల బృందం దానికి మార్గదర్శకత్వం వహిస్తోంది. ముందస్తుగా కొన్ని ప్రాంతాల్లో ప్రశ్నావళిని పరీక్షించినప్పుడు, అడిగిన వివరాలు సున్నితమైనవని అత్యధికులు అభిప్రాయపడ్డారు. జనగణనలో మాత్రం ఆదాయం గురించి అడగరు. ఇల్లు, నీరు, వాహనం, పరికరాల వంటి వాటి గురించే అడుగుతారు. రాబోయే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఆ లెక్కలు వెలువడిన తరువాత రంగారెడ్డి జనాభా అంకె మారుతుంది, దానితో పాటు ఈ వ్యాసం మొదట్లో చెప్పిన 9 లక్షల 46 వేల వరుసలో తరువాత వచ్చే అంకెలను కూడా సవరించవలసి ఉంటుంది.